గ్రాఫింగ్ కాలిక్యులేటర్ చేతికొచ్చిన మనుమరాలికి

హనుమకొండ

బిడ్డా,

అమెరికాలో మీ అక్క వాడి పక్కన పెట్టిన టీఐ-84 ప్లస్ నీకు చేరిందని, దాని మీద బటన్లు చూస్తేనే నీకు టెన్షన్ పట్టుకుందని మీ అమ్మ చెప్పింది. ఆ బటన్లలో నీకు ఇప్పుడు కావాల్సినవి పది కూడా ఉండవు. మిగతావి అవసరం పడ్డప్పుడు చూసుకోవచ్చు.

వాడిన మెషిన్ కదా, ముందు రీసెట్ చెయ్యి. సెకండ్ బటన్ నొక్కి ప్లస్ నొక్కు, తర్వాత వరసగా 7, 1, 2. అక్క దాచుకున్న ప్రోగ్రాములు పోతాయి, కాబట్టి ఆమెను ఒక మాట అడిగి చెయ్యి. రీసెట్ చెయ్యకపోతే ఆమె ఎప్పుడో ఆన్ చేసి వదిలేసిన స్టాట్ ప్లాట్ (డేటా పట్టికను గ్రాఫ్‌గా చూపేది) అలాగే ఉండి, నువ్వు సరైన సమీకరణమే ఇచ్చినా ‘ఇన్‌వాలిడ్ డిమ్’ అని ఎర్రర్ రావచ్చు. తప్పు నీదేమోనని గంటసేపు వెతుక్కుంటావు.

మైనస్ బటన్లు రెండున్నాయి. తీసివేతకు కుడివైపు ఉన్నది, రుణ సంఖ్యకు కింద ఎంటర్ పక్కన బ్రాకెట్‌లో ఉన్నది. ఒకదాని బదులు ఇంకోటి నొక్కితే సింటాక్స్ ఎర్రర్ రావచ్చు. అప్పుడు గోటూ ఎంచుకో, తప్పు ఎక్కడుందో కర్సర్ అక్కడే నిలబడుతుంది.

సైన్ 30 అడిగితే అర రావాలి కదా, మైనస్ 0.988 వచ్చిందంటే మెషిన్ కోణాన్ని డిగ్రీల్లో కాక రేడియన్లలో తీసుకుంటోందన్నమాట. రీసెట్ అయ్యాక అది రేడియన్లలోనే ఉంటుంది. మోడ్‌లోకి వెళ్లి డిగ్రీకి మార్చుకో.

ఇక అసలు విషయం, విండో, అంటే గ్రాఫ్‌లో ఎంత భాగం తెర మీద చూపించాలన్నది. వై ఈక్వల్స్ నొక్కి ఎక్స్ స్క్వేర్ మైనస్ 40 ఎక్స్ ప్లస్ 300 ఇచ్చి, జూమ్‌లో 6 నొక్కి చూడు. కుడి అంచున చిన్న గీత ముక్క తప్ప ఏమీ కనబడదు. మెషిన్ పాడైందనుకుంటావు. అది నీకు చూపించింది రెండు అక్షాల మీదా మైనస్ 10 నుంచి 10 వరకే. తలుపు సందులోంచి చూసి భద్రకాళి చెరువు ఇంతేనన్నట్టు ఉంటుంది.

అందుకే గ్రాఫ్ గీయించేముందు కాగితం మీద రెండు నిమిషాలు కూర్చో. ఈ సమీకరణానికి మూలాలు 10, 30. మధ్యలో 20 దగ్గర విలువ మైనస్ 100. ఎక్స్ సున్నా అయితే 300. ఇంత తెలిస్తే విండో అదే వస్తుంది: ఎక్స్ 0 నుంచి 40, వై మైనస్ 120 నుంచి 320. ఇప్పుడు గ్రాఫ్ నొక్కితే పరావలయం మొత్తం కనబడుతుంది. బొమ్మ ఎలా ఉండాలో ముందే తెలిసినవాళ్లకే ఈ మెషిన్ పనికొస్తుందని నా అభిప్రాయం. తెలియనివాళ్లను అది మంచిగనే మోసం చేస్తుంది.

ఆ మూలాలనే దాంతో కనిపెట్టించు. సెకండ్, ట్రేస్, ఆ తర్వాత 2. లెఫ్ట్ బౌండ్ అన్నప్పుడు కర్సర్‌ని మూలానికి ఎడమకు, రైట్ బౌండ్ అన్నప్పుడు కుడికి జరిపి ఎంటర్ కొట్టు. గెస్ అన్నప్పుడు ఇంకోసారి ఎంటర్. ఒక్కోసారి వై దగ్గర సున్నా బదులు 1ఈ-12 (అంటే 10 ఘాతం మైనస్ 12) లాంటిది వస్తుంది. కంగారుపడకు, అది సున్నా కిందే లెక్క.

ఇంకొకటి. ఆ తెర 96 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు. అందుకే జూమ్ 6లో వృత్తం సాగిపోయి కనిపిస్తుంది, లంబరేఖలు లంబంగా కనబడవు. రెండు అక్షాల కొలత సమానం చేసే జూమ్ 5 నొక్కితే సరిపోతుంది.

అమెరికా కాలేజీల కోసం సాట్ పరీక్ష రాస్తావు కాబట్టి డెస్మోస్ అనే కంప్యూటర్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ కూడా అలవాటు చేసుకో, ఆ పరీక్ష తెర మీదే అది ఉంటుంది. ఎప్‌సెట్, జేఈఈ మెయిన్‌లకు మాత్రం కాలిక్యులేటర్‌ని హాల్లోకే రానివ్వరు. కాబట్టి మీ కాలేజీ లెక్కలు చేత్తోనే చెయ్యి, సరిచూసుకోవడానికి మాత్రమే దీన్ని తియ్యి.

కరీంనగర్ నుంచి ఆదివారం వస్తే మాట్రిక్స్ బటన్ సంగతి చూద్దాం. సన్న సెల్లులు నాలుగు కొత్తవి తెచ్చుకో, ఆ పాతవి లీకయితే లోపలంతా పాడవుతుంది.

మీ తాత