పోటు లెక్క రాసిన పిల్లలు: హైస్కూలు చదువుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఈ జూన్‌లో తొమ్మిదో తరగతికి వస్తోంది. ఇంటికి దగ్గరలో ఉన్న ఒక పెద్ద హైస్కూలులో చేర్పించాలనుకుంటున్నాము. ఆ బడి గోడ మీద సైన్స్ క్లబ్బు, గణిత క్లబ్బు, ఎకో క్లబ్బు, ఎన్‌సీసీ, స్కౌట్స్ అంటూ పెద్ద జాబితా రాసి ఉంది. పాప ఎన్‌సీసీలో చేరతానంటోంది. పదో తరగతి ముందు పెట్టుకుని ఈ కవాతులెందుకని వాళ్ల నాన్నగారు ఒప్పుకోవడం లేదు. అసలు ఒక బడిలో ఏ సబ్జెక్టు, ఏ క్లబ్బు సరిగా నడుస్తున్నదో బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది?
- ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, గోడ మీది జాబితా చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. అది పెయింటరు చేతి పని. హైస్కూలులో కాలేజీలోలాగా విభాగానికొక గది, దానికొక అధిపతి ఉండరు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, గణితం, భౌతిక రసాయన శాస్త్రాలు, జీవశాస్త్రం, సాంఘిక శాస్త్రం చెప్పడానికి స్కూల్ అసిస్టెంట్లు, ఆటలకు పీడీ లేదా పీఈటీ ఉంటారు. సెక్షన్లు ఎక్కువైతే ఒక్కో సబ్జెక్టుకు ఇద్దరు ముగ్గురు ఉంటారు. క్లబ్బులన్నీ మళ్లీ వీరి నెత్తి మీదనే ఉంటాయి కనుక, సైన్స్ క్లబ్బు బాగోగులు తెలుసుకోవడమంటే సైన్స్ మాస్టారి ఓపిక ఎంతో తెలుసుకోవడమే. అందుచేత ఎన్ని క్లబ్బులున్నాయని అడగకుండా, పోయినేడాది క్లబ్బు పుస్తకం ఒకసారి చూపించమని అడగండి.

ఆ పుస్తకంలో ఏం చూడాలో చెప్పడానికి నేను పనిచేసిన ఒక బడి సంగతి రాస్తాను. భౌతికశాస్త్రం మాస్టారు ఫిషింగ్ హార్బరు వైపు నుంచి వచ్చే తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక రూళ్ల నోటుబుక్కు ఇచ్చి, సముద్రపు పోటుకు నీరు పూర్తిగా ఎక్కిన వేళను రోజూ రాయమన్నారు. మొదటిరోజు ఉదయం 6:10, మరునాడు 7:00, మూడోనాడు 7:50 అని రాశారు. ఆ తర్వాత పోటు బడివేళలో పడిన రోజులన్నిటికీ ఎదురుగా ఒక గీత మాత్రమే ఉండేది, ఎందుకంటే చూడనిదాన్ని ఊహించి రాయవద్దని ఆయన గట్టిగా చెప్పారు. రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతున్నదని పిల్లలే పట్టుకున్నారు. భూమి ఒక చుట్టు తిరిగేలోగా చంద్రుడు తన దారిలో కొంత ముందుకు జరుగుతాడు కనుక, మన తీరం మళ్లీ అతనికి ఎదురుగా రావడానికి 24 గంటల 50 నిమిషాలు పడుతుందన్న పాఠం ఆ తర్వాతే చెప్పారు. గణితం టీచరు అవే అంకెలతో సగటు, గ్రాఫు చేయించారు. పాఠంలో ఆటుపోట్లు అని ఉన్నదాన్ని హార్బరులో పోటు, పాటు అంటారని పిల్లలు చెబితే, తెలుగు మాస్టారు ఆ మాటలనే పుస్తకం మొదటి పేజీలో రాయించారు. కొట్టివేతలు, ఖాళీ గీతలు ఉన్న ఇలాంటి పుస్తకం కనబడితే ఆ బడిని నమ్మవచ్చును. ముత్యాల్లాంటి అక్షరాలతో ఒకే సిరాతో ఏడాదంతా నిండిన పుస్తకం తనిఖీ కోసం ఒక్క రాత్రిలో రాసినదే అయి ఉంటుంది!

ఇక ఎన్‌సీసీ. వాళ్ల నాన్నగారి మాటలో న్యాయం లేకపోలేదు. పదో తరగతి 600 మార్కులూ రాతపరీక్షలవే, కవాతుకు అందులో ఒక్క మార్కూ కలవదు. అయితే జూనియర్ శిక్షణ రెండేళ్లది. 'ఏ' సర్టిఫికెట్ పరీక్షకు 75 శాతం హాజరుతోపాటు ఒక వార్షిక శిబిరం కూడా పూర్తిచేయాలి. తొమ్మిదిలో చేరితే రెండో ఏడు పదిలో పడుతుంది కనుక, శిబిరాన్ని తొమ్మిదిలోనే ముగించే వీలుందా అని ఆ బడిలో ఎన్‌సీసీ చూసే మాస్టారిని ముందే అడగండి. వీలుందంటే చేర్పించండి. మన విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు కాబట్టి నౌకాదళ విభాగం ఉన్న బడి దొరికితే తాళ్ల ముడులు, పడవ నడపడం కూడా నేర్చుకుంటుంది. పది తర్వాత ట్రిపుల్ ఐటీ ప్రవేశాలలో ఎన్‌సీసీ, స్కౌట్స్, క్రీడల వారికి ప్రత్యేక కోటా ఉన్నదని కూడా వాళ్ల నాన్నగారి చెవిన వేయండి.

ప్రశ్న: ఆటో నడుపుతాను. మా వాడు మునిసిపల్ హైస్కూలులో ఎనిమిదో తరగతి. చదువుతోపాటు ఏదైనా పోటీలో పెట్టమంటున్నారు. ఏది మేలు?
- ఒక తండ్రి, మద్దిలపాలెం

జవాబు: ముందు ఎన్‌ఎంఎంఎస్ అనే ఉపకారవేతనం పరీక్ష రాయించండి, ఎందుకంటే అది ఎనిమిదిలో ఉన్నప్పుడే రాయాలి, తప్పితే మళ్లీ రాదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యేవరకు ఏడాదికి 12,000 రూపాయలు నేరుగా పిల్లవాడి ఖాతాలో పడతాయి. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటకూడదు కనుక, ఆదాయ ధ్రువపత్రం కోసం ఇప్పుడే తిరగండి. చాలామంది పిల్లలు చదవక కాదు, కాగితం అందక ఆగిపోతారు. పరీక్షలో సగం పాఠాల నుంచి, సగం తర్కం నుంచి ఉంటుంది. తర్కం ప్రశ్నలను గణితం మాస్టారు వారానికి ఒక గంట చేయిస్తే చాలును. ఇన్‌స్పైర్ మానక్ అనే సైన్స్ నమూనాల పోటీ మరొకటి: పిల్లవాడి సొంత ఆలోచనను ప్రధానోపాధ్యాయుడు ఆన్‌లైన్‌లో పంపుతారు, ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు ఇస్తారు. దుకాణంలో కొన్న నమూనా మాత్రం పంపవద్దు.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవానికి మా క్లబ్బు తరపున సి.వి. రామన్ గురించి మాట్లాడమన్నారు. ఏటా అందరూ ఒకే ఉపన్యాసం చదువుతున్నారు.
- ఒక విద్యార్థిని, భీమిలి

జవాబు: తల్లీ, నోబెల్ బహుమతి 1930లో వచ్చిందన్న మాటతో మొదలుపెట్టకు. రామన్ తండ్రిగారు మన ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పారు, రామన్ ఇక్కడి సెయింట్ అలోషియస్ బడిలో చదివి 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్ గట్టెక్కారు; అక్కడ నుంచి మొదలుపెట్టు. ఆ రోజు ఒక గాజు సీసాలో భీమిలి సముద్రపు నీళ్లు పట్టుకెళ్లి బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టు. సీసాలో ఏ రంగూ లేని నీళ్లు సముద్రంలో నీలంగా ఎందుకున్నాయన్నదే 1921లో ఓడ ప్రయాణంలో ఆయనను పట్టుకున్న ప్రశ్న. జవాబు నువ్వు చెప్పకముందే సభలో ఇద్దరు ముగ్గురిని అడిగి చూడు.