పుట్టు శాకాహారినే, అయినా స్టెంటు పడింది

మీ నాన్నగారికి 58 ఏళ్లని, చెడు కొలెస్ట్రాల్ 170 దాటిందని, మాంసం, చేపలు, పాలు అన్నీ మానిపిస్తే గుండె బాగుపడి మాత్రల అవసరం లేకుండా పోతుందా అని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను, గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డవాణ్ణి. నాకు తెలిసింది చెబుతాను.

మా ఇంట్లో మూడు తరాలుగా గుడ్డు కూడా ముట్టలేదు. ఆ ధీమాతోనే యాభై ఏళ్లు గడిపేశాను. 2019లో ఒక తెల్లవారుజామున ఎడమ దవడ లాగుతుంటే పంటినొప్పి అనుకుని లవంగం బుగ్గన పెట్టుకున్నాను. అది గుండెపోటు. మధ్యాహ్నానికి స్టెంటు పడింది, అంటే పూడుకున్న గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం.

ఇంటికి పంపే రోజున ఆస్పత్రిలోని ఆహార నిపుణురాలు ఒక అచ్చు కాగితం చేతికిచ్చారు. మొదటి వాక్యమే "మాంసం తగ్గించండి". నాకు నవ్వొచ్చింది, ఆవిడకు రాలేదు. కాగితం పక్కన పెట్టి, "నెలకు ఎంత నూనె వాడతారు?" అని అడిగారు. నేను మా ఆవిడ వైపు చూశాను. నలుగురికి అయిదు లీటర్ల డబ్బా, అది కాక కిలో నెయ్యి. లెక్క వేస్తే మనిషికి రోజుకు నలభై మిల్లీలీటర్ల పైమాటే. ఉప్పు నెలకు కిలో, అంటే తలకు రోజుకు ఎనిమిది గ్రాములు. ఆవకాయలో, అప్పడాల్లో ఉన్నది ఇందులో కలపలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 గ్రాముల లోపే ఉండాలంటుంది.

"శాకాహారం అంటున్నారు, మరి శాకం ఎక్కడుందండీ?" అన్నారావిడ. సమాధానం దొరకలేదు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం గుట్టగా తెల్లన్నం, బంగాళాదుంప వేపుడు, నెయ్యి వేసిన ముద్దపప్పు, గడ్డపెరుగు, సాయంత్రం మిరపకాయ బజ్జీలు. కాయగూర నంజుకోవడానికే తప్ప తినడానికి కాదన్నట్టుండేది మా వంటిల్లు.

ఇది నా ఒక్కడి కథ కాదని తరువాత తెలిసింది. అమెరికాలో రెండు లక్షల మందికి పైగా ఆరోగ్య రంగ ఉద్యోగులను ఇరవై ఏళ్లకు పైగా గమనించి, హార్వర్డ్ పరిశోధకులు 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. ముడి ధాన్యాలు, పప్పులు, కాయగూరలు, పండ్లు, గింజలు ఎక్కువగా తిన్నవారిలో గుండె జబ్బు తక్కువగా కనిపించింది. పాలిష్ ధాన్యం, బంగాళాదుంప, మిఠాయిలు, తీపి పానీయాల మీద నడిచినవారిలో ఎక్కువగా కనిపించింది. ఇవన్నీ మొక్కల నుంచి వచ్చినవే కదా!

మేము మొదట మార్చింది కంచం. అన్నం సగానికి తగ్గి, ఆ చోటు కూరకు వెళ్లింది. తోటకూర పప్పు, గోంగూర పప్పు వారానికి నాలుగు రోజులు, అదీ పప్పు కంటే ఆకు ఎక్కువగా. ఉప్మా పోయి పెసరట్టు వచ్చింది, పెనం మీద నూనె అర చెంచా. సాయంత్రం బజ్జీల బదులు ఉడికించిన శనగలో బొబ్బర్లో, చలికాలంలో ఉలవచారు. పప్పు ధాన్యాల్లో నీటిలో కరిగే పీచు ఉంటుంది. అది పేగుల్లోని పిత్తరసాన్ని కొంత పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. పోయిన పిత్తరసాన్ని మళ్లీ తయారుచేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది. మాకు కష్టమైంది దంపుడు బియ్యం. మా అమ్మ రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. చివరికి మునుపటి తెల్ల బియ్యంతో సగం సగం కలిపి వండి రాజీపడ్డాం.

నూనె నెలకు రెండున్నర లీటర్లకు దిగింది. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు మార్చి మార్చి వాడతాం. కొబ్బరినూనె మొక్కదే కదా అని మురిసిపోకండి, అందులో ఎనభై శాతం పైగా సంతృప్త కొవ్వే.

పాలు కూడా మానిపించాలనుకుంటే ఒక్క మాట. బి12 విటమిన్ మొక్కల్లో దొరకదు. నేను కొన్నాళ్లు పాలు, పెరుగు పూర్తిగా మానేశాను. అరికాళ్లు తిమ్మిర్లెక్కితే పరీక్ష చేయించారు, బి12 బాగా తక్కువగా ఉంది. ఇప్పుడు మాత్ర వేసుకుంటూ, పలుచని మజ్జిగకు తిరిగొచ్చాను. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడుతున్నవారైతే ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, ముందే డాక్టరుకు చెప్పాలి.

ఆరు నెలల్లో నా చెడు కొలెస్ట్రాల్ 158 నుంచి 66కు వచ్చింది, బరువు ఎనిమిది కిలోలు తగ్గింది. అందులో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వాటా ఎంతో, తోటకూర వాటా ఎంతో నేను విడదీయలేను, పెద్ద వాటా మాత్రదేనని మా డాక్టరుగారు మొహమాటం లేకుండా చెప్పారు. రిపోర్టు బాగుందని మాత్ర మానేసిన మా పిన్ని కొడుకుకు మూడు నెలల్లో అంకె మళ్లీ మొదటికొచ్చింది. కాబట్టి మీ నాన్నగారి మాత్రల జోలికి మీరు వెళ్లకండి.

ఇక చేపలు. అన్నిటికంటే ముందు వాటినే ఎందుకు మానిపిస్తారు? వేయించకుండా పులుసు పెడితే గుండెకు వాటితో పేచీ లేదు. ఆదివారం మాంసం తగ్గించండి, మంచిదే, కానీ మిగిలిన ఆరు రోజులు ఆయన కంచంలో ఏముంటోందో ముందు చూడండి. ఈసారి నూనె డబ్బా మూత తీసినప్పుడు దాని మీద తేదీ రాయమని అమ్మగారికి చెప్పండి. అది ఎన్ని రోజులకు ఖాళీ అయిందో చూశాక మళ్లీ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.