అడ్డదూలం అతుకు దగ్గర మొదలుపెట్టు

ఒరేయ్ అల్లుడూ,

ఫ్రాన్స్‌లోని లోరియాంలో రేసు ట్రైమరాన్లు, అంటే మూడు హల్‌లు (పడవ దేహాలు) పక్కపక్కన ఉండే తెరచాప పడవలు, గీసే ఆఫీసులో చేరావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. రేవులో ఆ 32 మీటర్ల పడవల్ని చూసి మురిసింది చాలు, పని మాట్లాడుకుందాం.

ఒంటి హల్ పడవ మీద గాలి విరుచుకుపడితే అది ఒరుగుతుంది. ఒరిగినకొద్దీ తెరచాప మీంచి గాలి జారిపోయి భారం తగ్గుతుంది. మీ పడవలకు ఆ వెసులుబాటు తక్కువ. 23 మీటర్ల వెడల్పు అంత తేలిగ్గా ఒరగనివ్వదు కదా! గాలి తోపంతా మాస్ట్ (తెరచాప స్తంభం) మొదట్లోకి, తాళ్లలోకి, హల్‌లను కలిపే అడ్డదూలాల్లోకి దిగుతుంది. అందుకే డ్రాయింగు చేతికి రాగానే ముందు దూలం హల్‌ను కలిసే చోటు చూడు. అలలు ఏటవాలుగా వస్తే ఒక హల్ లేస్తుంది, ఇంకోటి దిగుతుంది. దూలం వంగుతూనే తడిబట్ట పిండినట్టు మెలితిరుగుతుంది. వంపుకి పొడవునా పరిచిన కార్బన్ పోగులు, మెలికకి 45 డిగ్రీల పొరలు కావాలి. ఈ రెండు లెక్కలూ విడివిడిగా వేసి సరిపెట్టకు, రెండు భారాలూ ఒకేసారి పడినట్టు లెక్కవెయ్యి. అతుకు దగ్గర పొరల్ని ఒక్కచోటే తెంచకు, మెట్లుమెట్లుగా తగ్గించు. బరువు తగ్గించమని పైవాళ్లు వెంటపడతారు. ఇక్కడ మాత్రం ఒప్పుకోకు.

తర్వాత హల్ ముక్కు (ముందు కొస), పక్క హల్‌లు. 2000 మార్చిలో బ్రిటిష్ నావికుడు పీట్ గాస్ 120 అడుగుల కటమరాన్ (రెండు హల్‌ల పడవ) టీమ్ ఫిలిప్స్‌కి సముద్ర పరీక్షల్లోనే ఎడమ ముక్కు విరిగిపోయింది. 2018లో అట్లాంటిక్ దాటే ఒంటరి రేసు రూట్ డు రమ్‌లో కొత్త పడవ బాంక్ పోపులేర్ పక్క హల్ విరిగి బోల్తాపడింది. గెలిచిందేమో 2006లో నీళ్లలోకి దిగిన ఐడెక్ స్పోర్ట్! అదీ పుట్టుకతో గట్టిదేం కాదు. గ్రూపామా 3 పేరుతో ఉన్నప్పుడు 2008లో న్యూజిలాండ్ దగ్గర పక్క హల్ విరిగి తలకిందులైంది. బాగుచేశాక 2010లో 48 రోజుల్లో ప్రపంచం చుట్టొచ్చింది.

ఆ వేగంలో అల దెబ్బలకు పైన కార్బన్ పొర నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పొరల మధ్య నింపిన తేనెపట్టులాంటి కోర్ నలిగి ఊడిపోతుంది. పడవ ఒడ్డుకెక్కినప్పుడు నాణెంతో తట్టి విను. టంగుమనాల్సిన చోట డొల్లగా మోగితే స్కాన్ తీయించు.

ఫాయిల్స్ (పడవను నీళ్లలోంచి పైకి లేపే రెక్కలు) గురించి మరో ఉత్తరం రాస్తాను. ఈలోగా దూలాల్లో పెట్టిన సెన్సర్ల రికార్డులు అడిగి తీసుకో, నీ లెక్కల పక్కన పెట్టి చూడు. మరమ్మతు షెడ్డువాళ్లతో కాఫీ తాగేపాటి ఫ్రెంచ్ వచ్చిందా?

మామయ్య