వీల్యాన్ 20 పెట్టినా గేట్‌వేకి కాలేజీ నెట్‌వర్క్ ఐపీయే వస్తోంది, ఎందుకు?

భీమవరం ల్యాబ్‌లో రొయ్యల చెరువు సెన్సర్ల టెస్ట్‌బెడ్ కోసం స్విచ్‌లో వీల్యాన్ 20 (ఒకే స్విచ్‌లో విడిగా నడిచే నెట్‌వర్క్) చేసి, 5వ పోర్టును అందులో అన్‌ట్యాగ్డ్‌గా, అంటే ఫ్రేముల మీద వీల్యాన్ నంబరు (ట్యాగ్) లేకుండా, చేర్చానన్నారు. అయినా ఆ పోర్టుకి తగిలించిన గేట్‌వేకి (సెన్సర్ల రీడింగులను సర్వర్‌కి పంపే పెట్టె) ల్యాబ్ సర్వర్ ఇచ్చే ఐపీ కాకుండా కాలేజీ నెట్‌వర్క్ ఐపీయే వస్తోందన్నారు. ముందు ఆ పోర్టు పీవీఐడీ (పోర్టుకి ఇచ్చే డిఫాల్ట్ వీల్యాన్ నంబరు) చూడండి. అది ఇంకా 1లోనే ఉండి ఉంటుంది. కాకినాడలో మా ల్యాబ్‌కి వచ్చే కొత్త పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

వెబ్ పేజీలో సెట్ చేసుకునే చవక స్విచ్‌లలో వీల్యాన్ మెంబర్‌షిప్, పీవీఐడీ రెండూ వేర్వేరు చోట్ల ఉంటాయండి. మెంబర్‌షిప్ అనేది బయటికి వెళ్లే ఫ్రేముల (డేటా ముక్కల) సంగతి. వీల్యాన్ 20 ఫ్రేములు ఆ పోర్టులోంచి ట్యాగ్‌తో వెళ్లాలా, ట్యాగ్ తీసేసి వెళ్లాలా అన్నది అక్కడ చెబుతాం. ట్యాగ్ లేకుండా లోపలికి వచ్చినదాన్ని ఏ వీల్యాన్‌లో వేయాలో చెప్పేది పీవీఐడీ. మీ గేట్‌వే పంపిన డీహెచ్‌సీపీ రిక్వెస్ట్ (ఐపీ ఇవ్వమని అడగడం) వీల్యాన్ 1లో పడి కాలేజీ సర్వర్‌కి పోతోంది. 5వ పోర్టు 1లో కూడా మెంబరుగా మిగిలిపోయింది కాబట్టి జవాబు తిరిగి వచ్చేస్తోంది. పీవీఐడీని 20 చేయండి, పోర్టును 1లోంచి తీసేయండి. రెండూ చేయాలి. మీ ల్యాప్‌టాప్ ఉన్న పోర్టును మాత్రం కదపకండి, స్విచ్ పేజీయే తెరుచుకోకుండా పోతుంది.

సర్వర్ వైపు పోర్టులో 20ని ట్యాగ్డ్‌గా పెట్టి, లినక్స్‌లో అదే ఐడీతో వీల్యాన్ ఇంటర్‌ఫేస్ వేసుకోండి. పింగ్ (అవతలి యంత్రం జవాబిస్తోందా అని చూసే కమాండ్) వెళ్లింది కదా అని వదిలేయకండి, దారి తప్పి కూడా వెళ్లొచ్చు. సర్వర్ అసలు నెట్‌వర్క్ కార్డు మీద టీసీపీడంప్‌ని (వచ్చిపోయే ఫ్రేములను చూపే ప్రోగ్రామ్) ‘-ఈ’ (-e) ఆప్షన్‌తో నడిపితే ట్యాగ్ ఉన్న ఫ్రేముల పక్కన వీల్యాన్ నంబరు కనిపిస్తుంది. నేను నమ్మేది దాన్నే.

అన్నీ కుదిరాక సేవ్ నొక్కండి. చాలా స్విచ్‌లలో అప్లై వేరు, సేవ్ వేరు. వానాకాలంలో మనవైపు రాత్రిపూట కరెంటు సంగతి మీకు తెలుసు. స్విచ్ పాత సెట్టింగులతో లేస్తే రీడింగులు ఆగిపోతాయి. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే, మీకు ముఖ్యంగా కావలసిన డేటా అదే. స్విచ్‌కి కూడా యూపీఎస్ ఇవ్వండి.

రేపు సిస్కో స్విచ్ కలిపి, ట్రంక్‌లో (చాలా వీల్యాన్‌లను ట్యాగ్‌లతో మోసే లింకు) అనుమతించే వీల్యాన్‌ల జాబితాకి వీల్యాన్ 30 చేర్చాలనుకుంటే కమాండ్‌లో ‘యాడ్’ తప్పకుండా ఉండాలి. అది లేకపోతే పాత జాబితా పోయి 30 ఒక్కటే మిగులుతుంది. దూరం నుంచి చేసేటప్పుడు ముందు ‘రీలోడ్ ఇన్ 10’ ఇవ్వండి. లింకు తెగినా 10 నిమిషాల్లో స్విచ్ రీస్టార్ట్ అయి, సేవ్ చేసిన సెట్టింగులకి తిరిగి వస్తుంది. అంతా బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ కొట్టి, అప్పుడు సేవ్ చేయండి.