జల్లెడలో మిగిలిన గుల్లలు

అమ్మా సుమతీ,

రాజమండ్రి లావా పొరల మధ్య మట్టిలో ఆస్ట్రకోడ్‌లనే చిట్టి గుల్లజీవుల మీద ప్రాజెక్టు తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! మన కైలాసగిరి అంతా ఖొండలైటు. అంత వేడిలో, ఒత్తిడిలో మారిపోయిన రాయిలో గుల్లలు ఎక్కడ మిగులుతాయి? అందుకే మేమూ కాతేరు, పంగిడి క్వారీలకే పోయేవాళ్లం.

క్వారీకి వెళ్లేముందు భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట గుప్పెడు బురద తెచ్చి, 63 మైక్రాన్ల జల్లెడలో కడిగి చూడు. ఆస్ట్రకోడ్ అంటే మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే జీవి, రెండు సున్నపు పెంకుల మధ్య రొయ్య చుట్టం. ఇప్పటి గుల్లల్లో పెంకుల కీలు, కండరాల మచ్చలు గుర్తుపట్టడం వస్తే రాతిలోవీ పలుకుతాయి. యాసిడ్ మాత్రం దగ్గరికి రానీయకు, కరిగిపోతాయి.

ప్రతి శాంపిల్ తర్వాత జల్లెడను మిథిలీన్ బ్లూ అనే నీలిరంగులో ముంచు. నేనొకసారి ఆ పని చేయక, పాత శాంపిల్ గుల్లని కొత్తదానిలో లెక్కేశాను. రెండు నెలల పని పోయింది. నీలిరంగు పట్టిన గుల్ల కనిపిస్తే అది పాతదని తెలిసిపోతుంది.

అసలు సంగతి ఇది. ఆస్ట్రకోడ్ పెద్దదయ్యేలోపు సాధారణంగా 8 సార్లు పెంకు మారుస్తుంది, పాము కుబుసం విడిచినట్టు. పిల్ల గుల్లలు, పెద్ద గుల్లలు అన్ని సైజులూ కలిసి దొరికితే అవి అక్కడే బతికాయనుకోవచ్చు. అన్నీ ఒకే సైజువైతే ప్రవాహం ఏరి తెచ్చిందేమో అని అనుమానించు. అది తేలాకే పొర వయసు మాట. అదైనా ఒక్క జాతిని చూసి చెప్పకు. నాలుగైదు జాతులు కలిసి బతికిన కాలమే ఆ పొర కాలం. పక్కనే ఫొరామినిఫెరా, అంటే గుల్ల కట్టుకునే ఏకకణ జీవులు, ఉంటే వాటితోనూ సరిచూడు.

వలస దారుల విషయంలో ఇంకా జాగ్రత్త, తల్లీ. పీత పిల్లల్లా నీళ్లలో తేలుతూ దూరాలు పోయే దశ సముద్రపు అడుగున బతికే ఆస్ట్రకోడ్‌లకు లేదు. లోతైన సముద్రం వాటికి గోడ లాంటిది. అందుకే కచ్, మడగాస్కర్ జురాసిక్ రాళ్లలో ఒకేరకం గుల్లలు కనిపిస్తే, మధ్యలో లోతు తక్కువ సముద్రం ఉండేదని అంటాం. మంచినీటి వాటికి ఈ లెక్క పనికిరాదు. కొన్నిటి గుడ్లు ఎండినా చావవు, పక్షుల కాళ్లకు అంటుకుని ఎక్కడికైనా పోతాయి. నీ పొరల్లో రెండు రకాలూ రావచ్చు, ముందే వేరుచెయ్యి.

వచ్చే ఆదివారం ఇంటికి రా. నా పాత స్లైడ్లు, మూడు సున్నాల (000) సన్న కుంచె తీసిపెట్టాను.

మీ పెదనాన్న