త్రిఫల చూర్ణం నిజంగా రక్తాన్ని శుభ్రం చేస్తుందా?

రోజూ రాత్రి త్రిఫల వేసుకుంటే రక్తం శుభ్రపడి సత్తువ వస్తుందంటారు, నిజమేనా అని అడిగారు. శుభ్రపడేది ముఖ్యంగా పేగులే. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల గింజలు తీసేసి, ఎండబెట్టి, సాధారణంగా సమపాళ్ళలో దంచితే త్రిఫల. కరక్కాయకు విరేచనం సాఫీగా అయ్యేలా చేసే గుణం ఉంది. అందుకే రాత్రి కాస్త చూర్ణం గోరువెచ్చని నీళ్ళతో వేసుకుంటే పొద్దున్నే కడుపు తేలికపడుతుంది. ఆయుర్వేదం దీన్ని రసాయనంగా, అంటే ఒంటికి పుష్టినిచ్చే మందుగా కూడా లెక్కిస్తుంది. రక్తాన్ని శుభ్రం చేసే పని మాత్రం కాలేయం, మూత్రపిండాలదే. దానికి ఈ పొడి అక్కర్లేదు.

విరేచనాలు అవుతున్నవాళ్ళు, గర్భిణులు దీని జోలికి పోవద్దు. షుగర్ మాత్రలు వాడేవాళ్ళు ముందు డాక్టరుకు చెప్పాలి, చక్కెర మరీ పడిపోవచ్చు.

కరోనా రోజుల్లో తిప్పతీగను కూడా ఇలాగే ఎడాపెడా తాగేశారు. అది వాడిన కొందరికి కాలేయం దెబ్బతిందని 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. ఆ రోగులు తిప్పతీగ అనుకుని వేరే మొక్కను వాడి ఉండొచ్చని ఆయుష్ శాఖ వాదించింది. ఏదేమైనా, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు సొంతంగా తిప్పతీగ తాగకపోవడమే మంచిదని నా అభిప్రాయం.