అమెరికాలో ఇన్‌ఫెక్షస్ డిసీజ్ డాక్టరు దగ్గరికి చేరేదెలా?

"ఇండియా వెళ్లొచ్చాక జ్వరం తగ్గట్లేదండీ, మంచి ఇన్‌ఫెక్షన్ స్పెషలిస్టు ఎవరైనా తెలుసా?" కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయితే తెలిసినవాళ్లని అడిగి, పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుని, సాయంత్రానికల్లా డాక్టరుకి చూపించుకుంటాం. ఇక్కడ అలా కుదరదు. అందరూ ఐడీ డాక్టర్లని పిలిచే ఈ స్పెషలిస్టులు ఎక్కువగా వేరే డాక్టర్లు పంపిన కేసులే చూస్తారు. అపాయింట్‌మెంటుకి వారాలు పట్టడం మామూలే. కాబట్టి డాక్టరు పేరు వెతికే ముందు, మీ కేసు ఎంత తొందరదో తేల్చుకోండి.

ఇండియా నుంచి తిరిగొచ్చాక జ్వరమొస్తే ఐడీ అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. అదే రోజు చూపించుకోండి. మీరు మామూలుగా చూపించుకునే ప్రైమరీ డాక్టరు దగ్గర ఆ రోజు ఖాళీ లేదంటే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఫాల్సిపారమ్ రకం మలేరియా అయితే ఒకటి రెండు రోజుల ఆలస్యం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఇంటి పక్కన అర్జెంట్ కేర్ (అపాయింట్‌మెంటు లేకుండా చిన్నచిన్న జబ్బులు చూసే క్లినిక్) ఉన్నా, మలేరియా స్మియర్, అంటే రక్తపు చుక్కని మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష, చేసి గంటల్లో ఫలితం చెప్పే ఏర్పాటు చాలాచోట్ల ఉండదు. మొదటి స్మియర్‌లో ఏమీ కనబడలేదన్నంత మాత్రాన మలేరియా లేదని కాదు. 12 నుంచి 24 గంటల తేడాతో మొత్తం మూడుసార్లు చేసి చూడాలి. ఇన్సూరెన్స్ లేదని వెనకాడొద్దు. 1986 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, డబ్బు కట్టగలరా లేదా అన్నదానితో పని లేకుండా ఎమర్జెన్సీలో మిమ్మల్ని పరీక్షించి తీరాలి. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న మరో చట్టం వల్ల, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు తమ ప్లాన్‌తో ఒప్పందం లేని (నెట్‌వర్క్‌లో లేని) ఎమర్జెన్సీకి వెళ్లినా, చాలా ప్లాన్లలో అదనపు బిల్లు మీద పడదు.

అక్కడ నర్సు అడిగినా అడక్కపోయినా మీరు మొదట చెప్పాల్సిన మాట, "నేను ఫలానా తేదీన ఇండియా నుంచి వచ్చాను" అని. వచ్చి ఆరు నెలలైనా సరే చెప్పండి, ఎందుకంటే వైవాక్స్ మలేరియా నెలల తర్వాత కూడా బయటపడుతుంది. అమలాపురం వెళ్లానంటే ఇక్కడి డాక్టరుకి ఏమీ అర్థం కాదు. అక్కడ ఏం చేశారో చెప్పాలి. పాడేరు వైపో భద్రాచలం వైపో వెళ్లుంటే, మలేరియా ఉన్న అటవీ ప్రాంతమని చెప్పండి. దోమతెర లేకుండా పడుకున్నారా, కాచని పాలు తాగారా, పశువుల దగ్గర మెలిగారా, ఇంట్లో ఎవరికైనా విడవని దగ్గు ఉందా, ఇవన్నీ చెప్పాలి. పొలాల్లో, పొదల్లో తిరిగినవాళ్లకి స్క్రబ్ టైఫస్ అనే, చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం రావచ్చు. ఒంటి మీద ఎక్కడైనా నల్లటి చెక్కు కట్టిన పుండు ఉంటే తప్పకుండా చూపించండి. ఇక్కడి డాక్టర్లలో చాలామంది ఆ జబ్బు చూసి ఉండరు. మీరు ఆ ఊసెత్తితే కనీసం ఐడీ డాక్టరుకి ఫోన్ చేసి అడుగుతారు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. సూట్‌కేసులో తెచ్చుకున్న అజిత్రోమైసిన్, సిప్రో మాత్రలు సొంతంగా మింగొద్దు. టైఫాయిడ్ అనుమానం ఉంటే ఇక్కడ విడాల్ పరీక్షని నమ్ముకోరు, బ్లడ్ కల్చర్ చేస్తారు. రక్తం ఇవ్వకముందే యాంటీబయోటిక్ వేసుకుంటే ఆ కల్చర్‌లో క్రిమి పెరక్కపోవచ్చు. అప్పుడు ఏ మందు పనిచేస్తుందో ఏ స్పెషలిస్టుకైనా తేల్చి చెప్పడం కష్టం. మన దేశం నుంచి వచ్చే టైఫాయిడ్ సిప్రో రకం మందులకి చాలావరకు లొంగట్లేదు కాబట్టి ఆ కల్చర్ రిపోర్టు ఎంతో అవసరం. ఒకవేళ ఇప్పటికే వేసుకుని ఉంటే దాచకుండా చెప్పి, ఆ స్ట్రిప్పు చేతికివ్వండి. డెంగీ కాదని తేలేదాకా జ్వరానికి టైలెనాల్ (మన పారాసిటమాల్) మాత్రమే వాడండి, ఆడ్విల్ (ఐబుప్రోఫెన్) వద్దు.

అంత తొందర లేని కేసుకి దారి వేరు. ఎడతెగని సన్న జ్వరం, మెడ దగ్గర తగ్గని గడ్డ, మళ్లీ మళ్లీ వచ్చే ఇన్‌ఫెక్షన్ లాంటివాటికి ప్రైమరీ డాక్టరే మొదటి మెట్టు. ఈ దేశంలో దిగిన నెలలోనే, ఏ జబ్బూ లేనప్పుడే, ఒక ప్రైమరీ డాక్టరుని పెట్టుకోండి. మీ ఇన్సూరెన్స్ హెచ్‌ఎంఓ రకం ప్లాన్ అయితే, ఆయన రాసిచ్చే రిఫరల్ (స్పెషలిస్టుకి పంపే చీటీ) లేకుండా స్పెషలిస్టు బిల్లు సాధారణంగా కట్టరు. స్పెషలిస్టు దగ్గరికి నేరుగా వెళ్లనిచ్చే పీపీఓ రకం ప్లాన్ అయితే ఇన్సూరెన్స్ అడక్కపోయినా ఐడీ క్లినిక్కే రిఫరల్ అడగొచ్చు. రిఫరల్ పంపాక ఊరుకోకుండా రెండు రోజులాగి క్లినిక్‌కి ఫోన్ చేసి, అందిందో లేదో కనుక్కోండి. తేదీ మరీ దూరంగా ఇస్తే, మీ డాక్టరునే ఐడీ డాక్టరుతో మాట్లాడమని అడగండి. రోగి పది ఫోన్లు చేసినా కదలని అపాయింట్‌మెంటు డాక్టరు ఒక్క ఫోన్‌తో ముందుకి జరగడం ఇక్కడ సహజం.

ఐడీ డాక్టరంటే ఇంటర్నల్ మెడిసిన్‌లో మూడేళ్ల రెసిడెన్సీ, ఆపైన ఐడీ ఫెలోషిప్ రెండేళ్లు చేసినవాళ్లు. పిల్లలకి వేరే పీడియాట్రిక్ ఐడీ ఉంటారు. బోర్డు సర్టిఫికేషన్, రాష్ట్ర లైసెన్సు రెండూ ఆన్‌లైన్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. అయితే స్టార్ రేటింగుల కన్నా ఆయన ఎక్కడ పనిచేస్తారన్నదే నేను ఎక్కువ పట్టించుకుంటాను. ఐడీ డాక్టర్లలో కొందరి పనంతా ఆపరేషన్ తర్వాత వచ్చే ఇన్‌ఫెక్షన్లు, ఎముకల ఇన్‌ఫెక్షన్లతోనే సరిపోతుంది. మన దేశపు జబ్బులకి యూనివర్సిటీ ఆసుపత్రిలో ట్రావెల్, ట్రాపికల్ మెడిసిన్ చూసేవాళ్లయితే మేలు. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ట్రావెల్ మెడిసిన్ సైటులో క్లినిక్‌ల జాబితా ఉంది, ఊరి పేరుతో వెతకొచ్చు. చిన్న ఊళ్లో ఉంటే వీడియో విజిట్ ఉందేమో అడగండి. ఇంట్లోవాళ్లు ఆసుపత్రిలో చేరి ఉంటే ఇవేవీ అక్కర్లేదు. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుని "ఐడీ కన్సల్ట్ పెట్టగలరా?" అని నేరుగా అడగండి. అలా అడగడం ఇక్కడ తప్పు కాదు.

గ్రీన్ కార్డు మెడికల్‌లో క్వాంటిఫెరాన్ అనే టీబీ రక్త పరీక్ష పాజిటివ్ వచ్చి హడలిపోయేవాళ్లు చాలామంది. ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. చిన్నప్పటి బీసీజీ టీకా వల్ల చర్మం మీద చేసే పరీక్ష తప్పుగా పాజిటివ్ రావచ్చు కానీ, ఈ రక్త పరీక్ష అలా రాదు. కాబట్టి "అది బీసీజీ వల్లేలే" అని కొట్టిపారేయొద్దు. పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. అది బాగుండి, లక్షణాలేవీ లేకపోతే టీబీ క్రిమి ఒంట్లో నిద్రాణంగా ఉందని అర్థం. దానివల్ల ఇతరులకి అంటదు, గ్రీన్ కార్డు ఆగదు. కానీ మందు వాడేయడం మంచిది. వారానికోసారి చొప్పున ఐసోనియజిడ్, రిఫాపెంటిన్ కలిపి 12 మోతాదులు, లేదా రోజూ నాలుగు నెలలు రిఫాంపిన్. రిఫాంపిన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడొద్దు. గర్భనిరోధక మాత్రలు, రక్తం పలచబరిచే మందులు సరిగా పనిచేయవు, కాబట్టి వాడే మందులన్నీ ముందే చెప్పండి. దీనికి ఖరీదైన స్పెషలిస్టు వెంట పడక్కర్లేదు. మీ కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంటులో టీబీ క్లినిక్ ఉంటుంది, చాలాచోట్ల మందులు ఉచితం లేదా నామమాత్రపు ఖర్చు.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు పాత డిశ్చార్జి సమ్మరీలు, ల్యాబ్ రిపోర్టులు ఫోన్‌లో ఫొటోలుగానైనా తెప్పించండి. విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పాత జబ్బులు వర్తించవు, కొనేముందు చదవండి. వాళ్లకి విడవని దగ్గు, బరువు తగ్గడం ఉంటే టీబీ సంగతి మీరే ఎత్తండి. ఆసుపత్రిలో దుబాసీని ఉచితంగా ఇస్తారు, ఎక్కువగా ఫోన్‌లోనే. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే తెలుగు అని చెప్పండి, హిందీ అని రాసుకుంటే దిద్దించండి. ఎప్పుడో టీబీ మందులు వాడిన సంగతి కోడలి ముందు చెప్పడానికి మొహమాటపడే అత్తగారు, ముక్కూమొహం తెలియని దుబాసీకి చెప్పే అవకాశం ఉంది. ఆ కాసేపు మీరు గది బయట ఉండండి.